పట్టాదారు, అనుభవదారు

దవాఖానల్లో, దుకాణాల్లో, చిన్న ఆఫీసుల్లో నెట్‌వర్క్ పని చూసేవాళ్లకు ఫోన్ ఎత్తగానే వినిపించే మాట ఒకటుంది: "నిన్నటిదాకా మంచిగనే ఉండె గదన్నా!" కరీంనగర్ నుంచైనా ఇదే మాట, ఉట్నూరు నుంచైనా ఇదే మాట. ప్రింటర్ పలకదు. సీసీ కెమెరాల డబ్బా కనబడదు. బిల్లింగ్ కంప్యూటర్‌కు సర్వర్ దొరకదు. ఎవరూ ఏదీ ముట్టలేదంటారు. అది నిజమే. రాత్రి గాలివానకు కరెంటు పోయి వచ్చింది, అంతే.

ఆ మాటలో విసుగు కన్నా నమ్మకమే నాకు ఎక్కువ వినబడుతుంది. ఇన్నాళ్లూ వచ్చింది కాబట్టి రేపూ వస్తుందన్న నమ్మకం. దాన్ని తప్పు పట్టలేను, మనలో చాలామందిమి అలాంటి నమ్మకాల మీదే బతుకుతున్నాం. కానీ రోజూ దొరుకుతోంది కదా అని ఏదీ మనదైపోదు. మనదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఇంత చిన్న సంగతి ఒక ప్రింటర్ విషయంలో తప్పితే రిపోర్టు ఆలస్యమవుతుంది. మనుషుల విషయంలో తప్పితే ఏమవుతుందో ఆదిలాబాద్ అడవులకు తెలుసు. అక్కడికి తరవాత వస్తాను.

ముందు ప్రింటర్ పలకకపోవడానికి కారణమైన అడ్రస్‌ల సంగతి. నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ కావాలి. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో దాన్ని పంచేది రౌటర్ లోపలే ఉండే డీహెచ్‌సీపీ సర్వర్. కొత్తగా ఆన్ అయిన ఫోన్ "అడ్రస్ ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని అందరికీ వినబడేలా అడుగుతుంది. సర్వర్ తన వరసలోంచి ఒకటి తీసి "ఇది తీసుకుంటావా" అంటుంది. "అదే ఇవ్వండి" అంటుంది ఫోన్. "సరే, ఇంతసేపు నీది" అంటుంది సర్వర్. నాలుగు మాటల్లో బేరం ముగుస్తుంది. అందులో 'ఇంతసేపు' అన్నదే అసలు షరతు. దాన్ని లీజు అంటారు. సగం గడువు కాగానే పరికరం మళ్లీ అడిగి పొడిగించుకుంటుంది. జవాబు రాకపోతే గడువులో ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక, ఇచ్చిన సర్వరే కానక్కర్లేదు, ఎవరైనా సరే పొడిగించండని మరోసారి అడుగుతుంది. అప్పటికీ ఎవరూ పలకకపోతే, గడువు తీరగానే అడ్రస్ వదిలేయాల్సిందే.

లీజు ఎందుకంటే అడ్రస్‌లు అంతులేనివి కావు. మామూలు రౌటర్ దగ్గర 192.168.1తో మొదలయ్యే వరసలో వాడుకోదగ్గవి 254. వచ్చిపోయే ప్రతి ఫోన్‌కూ ఒకటి శాశ్వతంగా రాసిచ్చుకుంటూ పోతే నెల తిరక్కుండానే వరస ఖాళీ అవుతుంది.

సర్వర్‌కు ఒక మంచి గుణం ఉంది. తిరిగొచ్చిన పరికరానికి వీలైనంతవరకూ పాత అడ్రసే ఇస్తుంది. అందుకే ప్రింటర్‌కు ఈ రోజు, రేపు, వచ్చే నెల అదే అడ్రస్ వస్తూ ఉంటుంది. చూసేవాళ్లు అది ప్రింటర్ సొంతమనుకుంటారు. కంప్యూటర్‌లోనూ ఆ అడ్రసే పెట్టుకుంటారు. మంచి గుణమే మనల్ని ఏమరుపాటులో పడేస్తుంది.

కరీంనగర్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్. పొద్దున ఏడున్నరకే బెంచీలు నిండాయి. చొప్పదండి నుంచి, గంగాధర నుంచి తెల్లారే బస్సెక్కి పరగడుపున వచ్చినవాళ్లు. రక్తం తీసి, మిషన్‌లో పెట్టి, ఫలితం కంప్యూటర్‌లోకి కూడా వచ్చేసింది. కాగితం మాత్రం బయటికి రాదు. మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకున్న ఒక పెద్దాయన కౌంటర్ దగ్గరి అమ్మాయిని "బిడ్డా, నా రిపోర్టు అచ్చిందా" అని అడుగుతున్నాడు. డాక్టర్ పదింటికి ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లిపోతాడట, ఆలోపు చూపించాలి. జరిగిందేమిటంటే, రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి రౌటర్ తన లీజుల జాబితా మొత్తం మరచిపోయింది. చిన్న రౌటర్లు చాలావరకు ఆ జాబితాను తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంచుకుంటాయి. తెల్లారి ప్రింటర్ స్విచ్ వేసేలోపే ల్యాబ్ అబ్బాయి జేబులోని ఫోన్ వెళ్లి వరసలో మొదట ఖాళీగా ఉన్న అడ్రస్ తెచ్చుకుంది. అది నిన్నటిదాకా ప్రింటర్‌ది. తరవాత వచ్చిన ప్రింటర్‌కు ఇంకోటి దొరికింది. కంప్యూటర్ మాత్రం పాత అడ్రస్‌కే రిపోర్టులు పంపుతోంది. అవన్నీ వెళ్లి ఒక ఫోన్ తలుపు తడుతున్నాయి.

మందు చిన్నదే. ప్రింటర్‌ను వెనక్కి తిప్పితే ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద రెండేసి చొప్పున పన్నెండు గుర్తులు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలు. అది మ్యాక్ అడ్రస్. మొదటి ఆరు తయారుచేసిన కంపెనీవి, మిగతా ఆరు ఆ ఒక్క పరికరానివి. ఎక్కడికి తీసుకెళ్లినా, ఎవరికి అమ్మినా అది మారదు. దుమ్ముకు, వేడికి స్టిక్కర్ వెలిసిపోయి ఉంటే ఎనిమిదికీ బి అక్షరానికీ, సున్నాకూ డికీ తేడా తెలియదు. ఫోన్ లైటు ఏటవాలుగా పట్టుకుని చదవాలి. లేదా ప్రింటర్ చేతనే దాని వివరాల కాగితం తీయించాలి. తరవాత రౌటర్ పేజీలోకి వెళ్లి, రిజర్వేషన్ అని ఉన్నచోట ఆ పన్నెండు గుర్తులూ, వాటి పక్కన దానికిచ్చే అడ్రస్ రాయడమే. ఫోన్లకు 100 నుంచి 200 దాకా పంచమని రౌటర్‌కు చెప్పి ఉంటే, ఇలాంటి వాటికి 10 నుంచి 50 లోపు ఇవ్వడం నాకు అలవాటు. చూడగానే ఏది ఊరు విడిచిపోనిదో, ఏది వచ్చిపోయేదో తెలుస్తుంది. కొన్ని రౌటర్లు మాత్రం పంచే వరసలోదే ఇమ్మని పట్టుబడతాయి.

పెద్దాయన తన రిపోర్టు పట్టుకుని వెళ్లిపోయాక కూడా నేను ఆ ప్రింటర్‌నే చూస్తూ ఉండిపోయాను. దానిలో ఒక్క అక్షరం మారలేదు. ఎప్పటిలాగే అది అడ్రస్ అడిగింది, ఎప్పటిలాగే సర్వర్ ఇచ్చింది. తనకొక చోటు ఖాయమైందని దానికి తెలియనే తెలియదు. మారిందల్లా ఇచ్చేవాళ్ల పుస్తకంలో ఒక వరస.

అడ్రస్‌ను నేరుగా ప్రింటర్‌లోనే రాసిపెడితే పోదా అని చాలామంది అడుగుతారు. పెట్టొచ్చు, పెడుతుంటారు కూడా. కానీ అప్పుడు ఆ సంగతి ప్రింటర్‌కు ఒక్కదానికే తెలుసు. రౌటర్‌కు తెలియదు. ప్రింటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ చోటు ఖాళీగా ఉందనుకుని రౌటర్ దాన్ని ఇంకెవరికో ఇస్తుంది. మర్నాడు ఇద్దరూ ఒకే అడ్రస్ నాదంటే నాదంటారు. ఇద్దరి పనీ సగం సగం ఆగిపోతుంది. తనదని తనకు తెలిస్తే చాలదు, ఇచ్చేవాళ్ల లెక్కలోనూ ఉండాలి.

ఇక్కడ నాకు ఊరి భూముల లెక్క రాసే పహాణీ గుర్తొస్తుంది. తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు పహాణీ నకలు చూడటం కొత్త కాదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ పేరు చెప్పి ఇప్పటికీ కోర్టుల్లో వాదించుకుంటారు. అందులో పట్టాదారు పేరుకు ఒక కాలమ్, అనుభవదారు పేరుకు ఇంకో కాలమ్. భూమి ఎవరిదో ఒకటి చెబుతుంది, ఈ ఏడు దున్నింది ఎవరో ఇంకొకటి చెబుతుంది. రౌటర్ లోపల కూడా సరిగ్గా ఇవే రెండు పట్టికలు. లీజుల పట్టిక అనుభవదారుల కాలమ్. రిజర్వేషన్ పట్టిక పట్టాదారుల కాలమ్. డయాగ్నొస్టిక్ సెంటర్ ప్రింటర్ ఇన్నాళ్లూ అనుభవదారు. ఇప్పుడు పట్టాదారు అయింది.

ఈ రెండు కాలమ్‌ల కథ కంప్యూటర్ల వైపు ఎలా నడిచిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇంటర్నెట్ తొలినాళ్లలో ఏ నంబరు ఎవరికిచ్చారో రాసిపెట్టే పనిని ఏళ్ల తరబడి జాన్ పోస్టెల్ అనే ఒక్క మనిషి చూసుకున్నాడు. 1998లో చనిపోయేదాకా ఆ లెక్కలు ఆయన బాధ్యతే. మన దగ్గర ఊరి భూమి లెక్క ఒక్క పట్వారీ దస్త్రంలో ఉండేది, 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా. పోస్టెల్‌ను అందరూ నమ్మారు, ఆ నమ్మకం ఆయన నిలబెట్టుకున్నాడు. పట్వారీల విషయంలో ఊరూరికీ ఒక్కో కథ.

స్థానిక నెట్‌వర్క్‌ల కోసం 1985లో బూట్‌పీ అనే పద్ధతి వచ్చింది. అందులో ఉన్నదంతా పట్టానే. ఈ మ్యాక్ ఉన్నదానికి ఈ అడ్రస్ అని ముందుగా ఎవరో కూర్చుని రాసి ఉంచాలి. లెక్కలో పేరు లేనివాడికి అక్కడ చోటు లేనట్టే. ల్యాప్‌టాప్‌లు వచ్చి మనుషులు వాటిని చంకన పెట్టుకుని తిరగడం మొదలయ్యాక ఆ రాత ఎవరి వల్లా కాలేదు. 1993లో డీహెచ్‌సీపీ వచ్చింది, 1997లో రాల్ఫ్ డ్రామ్స్ రాసిన ప్రమాణం ఇప్పటికీ నడుస్తున్నది. అందులో నాకు నచ్చే సంగతి, కొత్తదైన లీజును తెచ్చారు గానీ పాతదైన పట్టాను తీసేయలేదు. వచ్చిపోయేవాళ్లకు లీజు, నిలిచి ఉండేవాళ్లకు పట్టా, రెండూ ఒకే సర్వర్ దగ్గర ఉండొచ్చన్నారు. నన్నడిగితే ఆ ప్రమాణంలోని వివేకమంతా ఈ ఒక్క నిర్ణయంలోనే ఉంది.

ఎవరికి లీజు, ఎవరికి పట్టా అన్నది తేల్చుకోవడం కష్టం కాదు. ఎవర్ని వెతుక్కుంటూ ఇతరులు వస్తారో వాళ్లు కదలకూడదు. ప్రింటర్, సర్వర్, హాజరు వేలిముద్ర యంత్రం, కెమెరాలు. వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు ఎక్కడున్నా ఫరవాలేదు. బాసర ట్రిపుల్ ఐటీలో 2008 నుంచీ చదువంతా ల్యాప్‌టాప్‌తో ముడిపడినదే. హాస్టల్ నుంచి క్లాసుకూ క్లాసు నుంచి లైబ్రరీకీ తిరిగే అలాంటి వేల ల్యాప్‌టాప్‌లకు పేరుపేరునా అడ్రస్ రాయాలనుకోవడం అనవసరపు శ్రమ. మెట్‌పల్లి దిక్కునో ఎల్లారెడ్డిపేట దిక్కునో గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇండ్ల సంగతి వేరు. గేటుకొకటి, వాకిలికొకటి కెమెరాలు పెట్టిస్తారు. షార్జాలో డ్యూటీ దిగి గదికొచ్చిన మనిషి ఫోన్ తెరిచి వాకిట్లో వడ్లు ఎండబోశారా, అమ్మ అరుగు మీద కూర్చుందా అని చూసుకుంటాడు. రికార్డర్ ఆ కెమెరాలను ఐపీ అడ్రస్‌తోనే గుర్తుపడుతుంది. వాకిలి కెమెరా అడ్రస్ మారిందంటే తెర మీద ఆ గడి నల్లబడుతుంది. అంత దూరాన ఉన్నవాడికి ఆ నలుపు ఎంత గుబులు పుట్టిస్తుందో వాళ్లతో ఫోన్‌లో మాట్లాడితే తెలుస్తుంది. అలాంటి ఇండ్లలో ప్రతి కెమెరాకూ రిజర్వేషన్ రాయకుండా లేచి రావడం నాకు మనసొప్పదు.

ఇక అడవి సంగతి. ప్రింటర్ పక్కన ఈ మాట తేవడం సబబేనా అని చాలాసార్లు ఆలోచించాను. రెండింటి బరువు ఒకటి కాదు. కానీ పుస్తకంలో పేరుండటమంటే ఏమిటో తెలంగాణలో ఆదిలాబాద్ గోండులకన్నా ఎక్కువ నష్టపోయి తెలుసుకున్నవాళ్లను నేనెరుగను.

తరతరాలుగా వాళ్లు ఆ నేలను దున్నుకున్నారు. కొన్నేళ్లు ఒక చేను, అది అలిసిపోతే ఇంకో చేను. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి రాసుకోవాలన్న ఆలోచన రాలేదు. నిజాం కాలంలో అడవికి హద్దులు గీశారు, రెవెన్యూ లెక్కలు కట్టారు. లెక్కలు రాసేవాళ్లతో మాట్లాడగలిగినవాళ్లు, బయటి నుంచి వచ్చినవాళ్లు, పట్టాలు చేయించుకున్నారు. ఉన్నవాళ్లు ఉన్నచోటే పరాయివాళ్లయ్యారు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరగడానికి దారితీసిన పోరాటం ఈ నేల కోసమే. ఆ తరవాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆస్ట్రియాలో పుట్టిన ఆ మానవశాస్త్రవేత్త మార్లవాయిలో ఉండి, ఊరూరూ తిరిగి, వాళ్ల బతుకు రాశాడు. 1940లలో వేల గిరిజన కుటుంబాలకు పట్టాలు అందడంలో ఆయన చేయి ఉంది. అనుభవదారుల్ని పట్టాదారుల్ని చేయడానికి ఒక తిరుగుబాటు, ఒక మరణం కావలసివచ్చాయి.

అయినా అందరికీ అందలేదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చేదాకా అడవి నేలలో పోడు సాగు చేసుకునేవాళ్లు దొంగల లెక్కే. ఆ చట్టం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీలకు ఆ నేల మీద హక్కు గుర్తించాలంది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రం మొత్తం మీద సుమారు నాలుగు లక్షల ఎకరాలు, లక్షన్నర మంది అని ప్రభుత్వం చెప్పింది. 

కొన్ని రౌటర్లలో ఒక మంచి మీట ఉంటుంది. లీజుల పట్టికలో ఇప్పుడు ఎవరు ఏ అడ్రస్‌లో ఉన్నారో కనబడుతుంది, ఆ వరస పక్కనే ఆ మీట. నొక్కితే చాలు, ఉన్న లీజే రిజర్వేషన్‌గా మారిపోతుంది. ఉన్నవాణ్ని ఉన్నచోటే ఖాయం చేస్తుంది. స్టిక్కర్ వెతకనక్కర్లేదు, అడ్రస్ మార్చనక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం రాసినవాళ్లు కోరుకున్నదీ ఇదే. ఆ మీట అక్కడ అంత సులువుగా పడదు. గ్రామసభ, సర్వే, కమిటీలు, తిరస్కరణలు, మళ్లీ దరఖాస్తులు.

అందుకే అనుభవదారు కాలమ్ లేకుండా పోవడం చిన్న విషయం కాదంటాను. 2020 అక్టోబర్‌లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఆ కాలమ్ కనబడకుండా పోయిందని కౌలు రైతులు, కాగితం లేని సాగుదార్లు మొత్తుకున్నారు. ఎవరు వాడుతున్నారో చూపించే పట్టికే లేకపోతే ఏ వరస పక్కన మీట నొక్కాలి? లీజుల పట్టిక తీసేసిన రౌటర్‌ను బాగుచేయడం ఎవరి తరమూ కాదు. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ప్రతి కమతానికీ భూధార్ అనే ప్రత్యేక సంఖ్య ఇస్తామని చట్టంలో రాశారు. భూమికి మారని గుర్తు ఇవ్వడం మంచిదే. దాని మీద వంగి కలుపు తీస్తున్నది ఎవరో కూడా ఆ తెర మీదే కనబడాలని నా కోరిక.

అందరూ పుస్తకంలోకి ఎక్కాలని మాత్రం అనను. ఆండ్రాయిడ్ 10 వచ్చిన 2019 నుంచి, ఐఫోన్లలో 2020 నుంచి, ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ అడ్రస్ చెప్పడం మానేశాయి. ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత గుర్తు చూపిస్తాయి. షాపింగ్ మాల్‌లో, బస్టాండ్‌లో ఆ గుర్తును పట్టుకుని మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో లెక్క కట్టకుండా ఉండేందుకు. దానివల్ల ఫోన్‌కు రిజర్వేషన్ రాస్తే ఒక్కోసారి నిలవదు. కొందరు ఓనర్లు విసుక్కుంటారు. నాకది సరైన పనే అనిపిస్తుంది. తిరిగేవాడికి తిరిగే స్వేచ్ఛ ఉండాలి. ఎవరూ వెతుక్కుంటూ రానక్కర్లేని చోట గుర్తింపు పెట్టడం అతన్ని కాపలా కాయడమే.

రిజర్వేషన్లు రాశాక నేనొక పని తప్పకుండా చేస్తాను. అవి రౌటర్‌లో మాత్రమే ఉంటే ఒక పిడుగు చాలు. వానాకాలంలో మంచిర్యాల దిక్కున పిడుగుకు రౌటర్లు పోవడం మామూలే. నెట్ కంపెనీ అబ్బాయి వచ్చి కొత్త డబ్బా పెట్టిపోతాడు, పాత పట్టిక పాత డబ్బాతోనే పోతుంది. అందుకని ఒక కాగితం మీద తెలుగులో రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, రౌటర్ పక్కన గోడకు అంటించి వస్తాను. పరికరం పేరు, దాని పన్నెండు గుర్తులు, ఇచ్చిన అడ్రస్. చివర ఇంకో కాలమ్ గీస్తాను, అది రౌటర్ పేజీలో ఉండదు: ఎందుకు ఇచ్చాం. "రిపోర్టులు ఇందులోంచే వస్తాయి." "షార్జా నుంచి చూస్తారు." "హాజరు దీని మీదే, జీతాల లెక్క ఆగుతుంది." నా తరవాత ఆ పని చూడటానికి ఎవరో వస్తారు. పాత ప్రింటర్ పోయి కొత్తది రావచ్చు, కెమెరా తీసేయవచ్చు. ఏ వరస కొట్టేయవచ్చో, ఏది ముట్టకూడదో వాళ్లకు ఆ కాలమ్ చదివితేనే తెలుస్తుంది.